లెగ్బా తలుపు తీశాకే

హైతీ వోడూ మతానికి పవిత్రగ్రంథమంటూ ఒకటి లేదు. తెలుసుకుందామని బయల్దేరినవాడు పుస్తకం అడుగుతాడు. ఆ మతం వాడి ముందు మూడు డోళ్లు, చారెడు మొక్కజొన్న పిండి, గొంతెత్తిన ఒక పాట పెడుతుంది. దాని వేదాంతమంతా కంటికీ చెవికీ కాలికీ అప్పజెప్పి ఉంది. కాబట్టి వోడూ గుమ్మంలో మొదట నిలబడవలసినవాడు రసికుడు. పండితుడు వెనకాల వస్తే చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆ పూజే చెబుతుంది: లెగ్బాతో. సృష్టికర్త బోన్‌ద్యే మనుషుల మొరలకు అందనంత దూరాన ఉంటాడు. కష్టసుఖాలు చూసేది ల్వా అనే దేవతాగణం. అందులో ఎవరు దిగిరావాలన్నా ముందు లెగ్బా తలుపు తియ్యాలి. అందుకే తొలి పాట ఆయనకు. పశ్చిమాఫ్రికాలోని దహోమీలో యౌవనంతో పొంగిపోయిన దేవుడీయన. హైతీకి వచ్చేసరికి ఊతకర్ర పట్టుకుని కాళ్లీడ్చే ముసలివాడయ్యాడు. బానిసల ఓడలు ఏం చేశాయో ఆ కుంటినడక ఒక్కటే చెబుతుంది. ఇంత పొదుపైన చరిత్రరచన నేనెరగను. ఇక ఆయన పటం చూడబోతే, అందులో తాళంచెవులు పట్టుకున్న సెయింట్ పీటర్ కనిపిస్తాడు. బానిసలకు క్యాథలిక్ బాప్తిస్మం ఇచ్చి తీరాలని 1685లో ఫ్రెంచి రాజు శాసించాడు. స్వర్గద్వారం దగ్గర నిలబడిన ఆ సాధువులో బానిసలు తమ ద్వారపాలకుణ్ణి గుర్తుపట్టారు.

పూజాస్థలం నడుమ పొతో మితాన్ అనే స్తంభం ఉంటుంది. దేవతలు దిగివచ్చే దారి అదే. దాని మొదట్లో పూజారి ఊంగాన్ గానీ, పూజారిణి మాంబో గానీ పిండి పళ్లెంతో వంగుతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నని ధారగా జారుతుంది. ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలు పడతాయి. అది లెగ్బా కాపలా కాసే కూడలి. పక్కన ఆయన చేతికర్ర. కొసల్లో మెలికలు, చుక్కలు. ఈ బొమ్మను వేవే అంటారు. ఒక్కో దేవతకూ ఒక్కో వేవే: ప్రేమదేవత ఎజిలీకి గుండె గుర్తు, సర్పదేవుడు దంబాలాకు జంట సర్పాలు, సముద్రదేవుడు అగ్వేకు తెరచాప ఎత్తిన ఓడ. ముంగిట ముగ్గు దించే చేతిని చూసి పెరిగిన మనకు ఆ వేళ్ల నేర్పు ఇట్టే అర్థమవుతుంది. అయితే అంత పొందికగా దించిన బొమ్మ మీదనే నర్తకులు ఉత్తకాళ్లతో ఆడతారు. పూజ ముగిసేసరికి గీత మిగలదు. గీసింది పిలుపు. అతిథి వచ్చాక ఇక దానితో పనేముంది?

ఇక డోళ్లు. ల్వాలలో రాదా అనే శాఖ దేవతలకు మూడు డోళ్లు వాయిస్తారు. చిన్నది బూలా, తడబడకుండా ఒకే నడక పట్టుకుంటుంది. నడిమిది సెగోన్, దానితో మాటకు మాట కలుపుతుంది. పెద్దది మామాన్, తల్లిడోలు. అది లయలో ఒదిగి సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి లయనే విరిచేస్తుంది. ఆ విరుపు పేరు కాసే. తాళంలో కుదురుకున్న ఒళ్లు అక్కడ ఆధారం తప్పుతుంది. పూనకం అక్కడే అందుకుంటుంది. కొత్తగా వినేవారు ముందు బూలాను వదలకుండా పట్టుకోవాలి. కట్టు తెలిసినవాడికే విరుపు తెలుస్తుంది.

పూనిన దేవతలలో నన్ను కట్టిపడేసేది ఎజిలీ ఫ్రెదా. దిగగానే ఆమెకు స్నానానికి నీళ్లు, కొత్త సబ్బు, అత్తరు, గులాబిరంగు బట్టలు, నగలు అందించాలి. వేళ్లకు మూడు పెళ్లి ఉంగరాలు, ముగ్గురు భర్తల పేర: దంబాలా, అగ్వే, యుద్ధదేవుడు ఓగూ. మగవాళ్లను చూసి నవ్వుతుంది, మురిపిస్తుంది. ఇంత చేసినా చివరకు వెక్కివెక్కి ఏడుస్తుంది. ఏ లోటూ రానివ్వకపోయినా ఏదో లోటు మిగిలిపోయిందని ఏడుపు. శృంగారం అంచుదాకా వెళ్లి కరుణలో కరిగిపోయే ఆ క్షణాన్ని ఊహించినవారు మహాకవులు. నిలువ నీడలేని పేదలు ఆ ఐశ్వర్యదేవతను ఓదారుస్తారన్నది ఇంకా గొప్ప ఊహ. ఆమెకు పూర్తిగా విరుద్ధమైనవాడు గేదే, శ్మశానదేవుడు. నల్లకోటు, పొడుగు టోపీ, నల్లకళ్లద్దాలు, ముక్కుతో మాట్లాడే గొంతు. ఘాటు మిరపకాయలు ఊరిన రమ్ము తాగుతాడు, బూతులాడతాడు. మళ్లీ పిల్లలను కాచేదీ ఆయనే. నవంబరు మొదటి రెండు రోజులూ హైతీ శ్మశానాలు ఆయన జాతరతో హోరెత్తుతాయి.

ఇంతటి రసస్థానం లోకానికి బూచిలా ఎందుకు తెలిసింది? 1915 నుంచి 1934 వరకు హైతీ అమెరికా సైన్యం చేతిలో ఉంది. ఆ రోజుల్లోనే 1929లో అమెరికన్ రచయిత సీబ్రూక్ పుస్తకం 'ది మ్యాజిక్ ఐలండ్', 1932లో 'వైట్ జాంబీ' సినిమా వచ్చి వోడూను బూచిగా చూపాయి. తర్వాత వచ్చిన, సూదులు గుచ్చే వోడూ బొమ్మలూ ఆ సంత సరుకే. హైతీయులకు మాత్రం ఇది విముక్తి మతం. 1791 ఆగస్టులో బ్వా కైమాన్ దగ్గర జరిగిన వోడూ పూజతో బానిసల తిరుగుబాటుకు నాంది పలికారని వాళ్లు చెప్పుకుంటారు. ఆ పోరాటమే 1804లో స్వతంత్ర దేశాన్ని నిలబెట్టింది. అలాంటి మతానికి ప్రభుత్వ గుర్తింపు రావడానికి 2003 దాకా పట్టింది.

మొదలుపెట్టాలనుకునేవారికి నా మాట ఇది. ముందు కళ్లు తెరవండి. నృత్యం చిత్రించడానికి 1947లో హైతీ వెళ్లిన సినీ దర్శకురాలు మాయా డెరెన్ అక్కడ ఎజిలీ పూనకానికే లోనైంది. ఆమె 1953 నాటి పుస్తకం 'డివైన్ హార్స్‌మెన్', ఆమె పోయాక అదే పేరుతో కూర్చిన సినిమా రెండూ చూడదగ్గవి. కోడి ఈకలతో రంగులు వేసిన ఊంగాన్ ఎక్టర్ ఇపోలిత్ బొమ్మలు చూడండి. పెళ్లిగౌన్లకు పూసలు కుట్టే ఫ్యాక్టరీలో పని నేర్చి, దేవతల జెండాలకు ఆ పూసలే కుట్టిన మిర్లాండ్ కాన్‌స్టాంట్ పని చూడండి. ఆపైన కారెన్ మెకార్తీ బ్రౌన్ 1991లో ప్రచురించిన 'మామా లోలా' చదవండి. బ్రూక్లిన్‌లోని ఒక మాంబో ఇంట్లో ఈ దేవతలంతా రోజువారీ మాటల్లో ఎదురవుతారు. దీక్ష మాత్రం గురువు దగ్గర, ఆ గురువు కుటుంబంలో ఒకరై తీసుకోవలసిందే. డబ్బు పంపితే ఇంటికే దీక్ష పంపుతామనేవారిని నమ్మకండి.