ఎప్పుడు తిన్నారు?

రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష చేయించుకోమన్నారంటే మనకు మొదట గుర్తొచ్చేది పరగడుపు. రాత్రి తిన్నాక మళ్లీ ఏమీ ముట్టకుండా పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లడం మనందరికీ అలవాటే. ఈ నియమం ఎంతవరకు అవసరమో తేల్చడానికి డెన్మార్క్‌లో జరిగిన ఒక పరిశోధనను పరిచయం చేయాలని ఈ వ్యాసం. దాని ఫలితాలు ఎంత విలువైనవో, దాన్ని నడిపిన పద్ధతీ అంత ముచ్చటైనది.

పరగడుపు నియమానికి కారణం లేకపోలేదు. తిన్న కొవ్వును పేగు గోడలు కైలోమైక్రాన్లనే సూక్ష్మ కణాలుగా మార్చి, శోషరస నాళాల ద్వారా రక్తంలోకి పంపుతాయి. కండరాల్లో, కొవ్వు కణజాలంలో ఉన్న ఒక ఎంజైమ్ వాటిలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులను విడగొట్టి వాడకానికి అందిస్తుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగానే ఉంటాయి. పైగా చాలా ల్యాబ్‌లు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవకుండా 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతాయి. అందులో ట్రైగ్లిజరైడ్ల అంకె కూడా ఉంటుంది కాబట్టి, అది మరీ పెరిగితే లెక్క తప్పుతుంది.

అయితే అసలు ఎంత పెరుగుతుంది? ప్రయోగశాలల్లో ఒకేసారి బాగా కొవ్వు పెట్టి, గంటగంటకూ రక్తం తీసి చూస్తే పెద్ద పెరుగుదలే కనిపిస్తుంది. కానీ ఇంట్లో మనం అలా తినం.

అన్నే లాంగ్‌స్టెడ్, జేకబ్ ఫ్రైబర్గ్, బోర్గె నోర్డెస్ట్‌గోర్ 2008లో 'సర్క్యులేషన్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇక్కడే దారి మార్చింది. కోపెన్‌హేగన్ జనాభా నుంచి 20 నుంచి 95 ఏళ్ల వయసున్న 33,391 మందిని తీసుకున్నారు. ప్రత్యేక భోజనమేదీ పెట్టలేదు. చివరిసారి తిని ఎంతసేపైందో తెలుసుకుని, ఆ గంటల ప్రకారం వాళ్లను విడదీసి చూశారు. ఒక్క మనిషికి రోజంతా సూది గుచ్చాల్సిన పని లేకుండానే, వేలమంది నుంచి తీసిన విడివిడి నమూనాలతో తిన్న తర్వాతి గంటల చిత్రం తయారైంది. పైసా ఖర్చులేని ఒక ప్రశ్న ఇంత పని చేసింది.

ఫలితం చూడండి. మామూలు తిండి తర్వాత ట్రైగ్లిజరైడ్లు ఆరు గంటల వరకు ఎక్కువగా ఉన్నా, సగటున పెరిగింది డెసిలీటరుకు సుమారు 26 మిల్లీగ్రాములే. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ పెరగకపోగా, ఒక్కొక్కటి దాదాపు 8 మిల్లీగ్రాముల వరకు తగ్గాయి.

తింటే కొలెస్ట్రాల్ తగ్గడమేమిటి? ఈ పరిశోధకుల నిజాయితీ, నేర్పు రెండూ ఇక్కడే తెలుస్తాయి. అదే రక్తంలో వాళ్లు అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను కూడా చూశారు. అది కొవ్వు కాకపోయినా, అదీ ఆ గంటల్లోనే తగ్గింది. అంటే భోజనంతో పాటు తాగిన నీళ్ల వల్ల రక్తం కాస్త పలచబడిందన్నమాట. ఈ ఒక్క కొలత లేకపోతే, తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందన్న తప్పుడు మాట ప్రచారంలోకి వచ్చేది.

వాళ్లు అక్కడితో ఆగలేదు. మరో 9,319 మందిని 14 ఏళ్ల వరకు గమనించి, తిన్నాక తీసిన రక్తంలోని అంకెలు కూడా గుండెజబ్బు ముప్పును సూచిస్తాయని చూపించారు. 2016లో యూరప్ నిపుణుల సంఘాలు మామూలు పరీక్షకు పరగడుపు అక్కర్లేదన్నాయి. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 175 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలనీ, 440 దాటితే పరగడుపున మళ్లీ చూడాలనీ సూచించాయి.

ఇవన్నీ సగటు లెక్కలని, అవీ డెన్మార్క్ వాసుల తిండి మీద వచ్చినవని మరిచిపోకూడదు. మన పళ్లెంలో అన్నం వాటా ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు ఇప్పటికే ఎక్కువగా ఉన్నవాళ్లకు డాక్టరు పరగడుపున రమ్మంటే అలాగే వెళ్లాలి. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం కడుపు మాడ్చుకునే ముందు డాక్టర్ని తప్పకుండా అడగాలి. ఎలా వెళ్లినా, చివరిసారి ఎప్పుడు తిన్నారో ల్యాబ్‌లో చెప్పి రిపోర్టు మీద రాయించుకోండి. ఆ సమయం తెలిస్తేనే మీ డాక్టరు ఆ అంకెను సరిగ్గా చదవగలుగుతారు.