పుట్టుక లెక్కలు: 'డాక్టర్ హూ' అభిమానుల తగాదా మీద కొన్ని మాటలు

ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ చూసేవాళ్ళు కథలో అతుకు ఎక్కడ కుదరలేదో వెతుక్కుంటూ తగాదా పడుతుంటే దళిత అధ్యయనాల పత్రికకు దానితో ఏం పని అని అడగొచ్చు. పైగా అది బ్రిటన్ సీరియల్. మేం కూడా మొదట సరదాకే చూశాం. తగాదా వినగా వినగా తెలిసిందేమంటే, అక్కడ తేలని లెక్కంతా పుట్టుక గురించే. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఏది అసలు, ఏది కల్పితం, అది తేల్చే అధికారం ఎవరిది? వాడల్లో పుట్టిన మనకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

'డాక్టర్ హూ'ని బీబీసీ 1963 నవంబర్ 23న మొదలుపెట్టింది. 1989లో ఆపేసింది. 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది. 2005లో సీరియల్ మళ్ళీ మొదలైంది. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇందులో డాక్టర్ మందులిచ్చే డాక్టర్ కాదు, అసలు పేరు చెప్పని మనిషి. గ్యాలిఫ్రే అనే గ్రహం నుంచి ఒక పాత కాలయంత్రాన్ని దొంగిలించి పారిపోయి వచ్చాడు. ఆ యంత్రం 1963 నాటి లండన్‌లో పోలీసు పెట్టె ఆకారంలో ఇరుక్కుపోయింది. ఆ గ్రహాన్ని ఏలే దొరల పేరు టైమ్ లార్డ్స్. చావు దగ్గరపడితే వాళ్ళకు ఒళ్ళంతా మారిపోయి, అదే మనిషి కొత్త ముఖంతో లేస్తాడు. దీన్ని రీజనరేషన్ అంటారు. మన కర్మ సిద్ధాంతం చెప్పే పునర్జన్మ లాంటిది కాదిది. పాపపుణ్యాల పద్దు ఇందులో లేదు.

ఈ కథకు మొదటి రోజు నుంచే ఒక రాజ్యాంగం ఉందనుకుంటే పొరపాటు. 1966లో మొదటి డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింది. సీరియల్ ఆగకూడదు గనక ఒక కథ చివర ఆయన పడిపోయి, పాట్రిక్ ట్రౌటన్ అనే నటుడు లేచాడు. అప్పటికి ఆ మార్పుకు రీజనరేషన్ అన్న పేరు కూడా లేదు. టైమ్ లార్డ్స్ అన్న జాతి 1969లో కథలోకి వచ్చింది. రీజనరేషన్ అన్న మాట 1974లో వచ్చింది. ఒకరు 12 సార్లే మారగలరన్న నియమం 1976లో 'ది డెడ్లీ అసాసిన్' కథలో, చావు అంచున ఉన్న విలన్ కోసం పెట్టారు. అదే కథ టైమ్ లార్డ్స్‌ని దేవుళ్ళలా చూపించకుండా కుట్రలు చేసే ముసలి పాలకుల్లా చూపించిందని అభిమానుల సంఘం అధ్యక్షుడే మండిపడుతూ రాశాడు. ఇవాళ అభిమానులు అదే కథను ప్రమాణంగా చూపిస్తారు. 2013లో లెక్క ప్రకారం డాక్టర్ మార్పులన్నీ అయిపోయాయి. అప్పుడు టైమ్ లార్డ్స్ ఆయనకు ఇంకో విడత ఇచ్చేశారు. అవసరానికి పెట్టిన నియమం అవసరానికే వంగింది. మధ్యలో కొన్నేళ్ళు నలిగేసరికి శాస్త్రమై కూర్చుంది. స్మృతులు ఎలా తయారవుతాయో మన దగ్గర చూడాలంటే వేల ఏళ్ళ దుమ్ము అడ్డం వస్తుంది. ఇక్కడ తేదీలతో సహా కనబడుతోంది.

ఇంతకీ తగాదా 2020లో ముదిరింది. ఆ ఏడాది జనవరి 26న వచ్చిన కథలో జో మార్టిన్ అనే నల్లజాతి నటి డాక్టర్‌గా బయటపడింది. సీరియల్ మొదలైన అర్ధశతాబ్దం దాటాక ఆ పాత్ర నల్లవాళ్ళకు దక్కడం అదే మొదలు. అప్పటికి డాక్టర్ వేషంలో ఉన్నది జోడీ విటకర్. ఆ డాక్టర్‌కు ఈ డాక్టర్ గుర్తు లేదు. మార్చి 1న 'ది టైమ్‌లెస్ చిల్డ్రన్' కథలో గుట్టు విప్పారు. టైమ్ లార్డ్స్ పుట్టకముందు, గ్యాలిఫ్రే వాసి టెక్టియన్ అనే ఆవిడకు వేరే లోకపు ద్వారం దగ్గర ఒక దిక్కులేని బిడ్డ దొరికింది. పెంచుకుంది. ఆ బిడ్డ ఎత్తు నుంచి పడి, చావబోతూ ఒళ్ళు మారి లేచింది. ఆ గుట్టు పట్టుకోవాలని టెక్టియన్ బిడ్డ మీద ప్రయోగాలు చేసింది. బిడ్డ మళ్ళీ మళ్ళీ ఒళ్ళు మారుతూనే ఉంది. చివరికి ఆ శక్తిని ఆవిడ తన ఒంట్లోకి ఎక్కించుకుని తనవాళ్ళకు ఇచ్చింది. టైమ్ లార్డ్స్ అలా అయ్యారు. తర్వాత బిడ్డ జ్ఞాపకాన్ని తుడిచేశారు. రికార్డుల్లో కొట్టేశారు. మిగిలిన ముక్కకు ఐర్లండ్‌లో దొరికిన బ్రెండన్ అనే బిడ్డ పోలీసై, పెద్దయ్యాక తను కొలువు చేసినవాళ్ళ చేతుల్లోనే జ్ఞాపకం పోగొట్టుకున్న కథలా మారువేషం వేశారు. ఆ బిడ్డే డాక్టర్.

దీన్ని ఒప్పుకోనివాళ్ళు రెండు మాటలు చెప్పారు. మొదటిది లెక్కల మాట. హార్ట్‌నెల్ మొదటి డాక్టర్ కదా, ఆయనకు ముందు ఇంకెందరో ఎలా ఉంటారు? యంత్రం పోలీసు పెట్టెగా ఇరుక్కుంది హార్ట్‌నెల్ కాలంలో అయితే జో మార్టిన్ దగ్గర అదే పెట్టె ఎలా ఉంది? ఈ రెండో ప్రశ్న న్యాయమైనదే. కథ దానికి నేరుగా జవాబు చెప్పలేదు. ఆమెను ట్రౌటన్ తర్వాతి ఖాళీలో ఇరికించి సరిపెట్టినవాళ్ళూ ఉన్నారు. మలుపును సమర్థించినవాళ్ళు 1976 నాటి 'ది బ్రెయిన్ ఆఫ్ మార్బియస్'ని బయటికి తీశారు. అందులో మనసుల పోరులో డాక్టర్ పాత ముఖాల తర్వాత ఎవరూ ఎరగని 8 ముఖాలు తెర మీదికొస్తాయి. అవి డాక్టర్ పూర్వరూపాలేనన్న ఉద్దేశంతో పెట్టామని అప్పటి నిర్మాత చెప్పాడు కూడా. అయినా అవి విలన్ ముఖాలని దశాబ్దాల పాటు సర్దిచెప్పుకున్నారు. సాక్ష్యం కళ్ళముందు ఉన్నా, మొదటివాడి పీఠం కదలకూడదని పక్కకు నెట్టారు.

రెండో మాట మమ్మల్ని ఆపింది. డాక్టర్ గొప్పతనం మామూలుతనంలో ఉందన్నారు. 1978లో ఒక కథలో తోటి టైమ్ లార్డ్ ఒకామె డాక్టర్‌ని ఎత్తిపొడుస్తుంది, రెండో ప్రయత్నంలో 51 శాతంతో గట్టెక్కావని. అలాంటివాడు యంత్రం దొంగిలించి పారిపోయి, దారిలో కనబడ్డ అన్యాయాన్ని ఎదిరిస్తూ మనిషయ్యాడు. ఇప్పుడు వచ్చి, కాదు, వీడు పుట్టుకతోనే అందరికంటే గొప్పవాడు అంటే ఏం మిగిలింది? మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. ఆ 51 శాతం మాట హాస్టల్ గదిలో విని మాకు మేమే నవ్వుకున్నాం. ఒక ఇంటర్వ్యూలో మా మార్కుల కాగితం తిప్పి చూడకముందే ఇంటిపేరు అడిగి, ఊరి పేరు అడిగి, చివరికి ఆ ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు అని అడిగినవాళ్ళ ముందు కూర్చుని వచ్చాం. కాబట్టి పుట్టుకతో గొప్పతనం అన్నమాట ఎవరన్నా, హీరో గురించి అన్నా సరే, మాకు అనుమానమే.

అయితే ఈ అభిమానులు మర్చిపోయిన సంగతి ఒకటుంది. వాళ్ళు మామూలువాడంటున్న డాక్టర్ కూడా దొరల బిడ్డే. పారిపోయిన దొర. తప్పుకుపోయే వీలు ఆయనకుంది, తిరిగి వెళితే పీఠమూ ఉంది. అలాంటివాడి మామూలుతనాన్నీ, పక్కా మామూలువాళ్ళ మామూలుతనాన్నీ ఒక గాటన కట్టలేం.

ఇంకా పెద్ద సంగతి, రెండు వర్గాలూ కూడా ఆ బిడ్డ గొప్పదా కాదా అన్నచోటే ఆగాయి. కథలో జరిగింది దోపిడీ. ఒక బిడ్డ ఒంట్లోంచి తీసిన సొమ్ముతో ఒక జాతి దొరతనం కట్టుకుంది. ఆ బిడ్డను చరిత్రలో లేకుండా చేసింది. తమ రక్తం గొప్పదని చెప్పుకుంది. ఈ నిజాన్ని కథలో అందరికంటే సూటిగా పట్టుకున్నది విలన్, మాస్టర్ అనేవాడు. సచా ధావన్ వేసిన ఆ పాత్ర గ్యాలిఫ్రేని బూడిద చేసింది ఎందుకు? తన ఒంట్లో ఉన్న శక్తి డాక్టర్ నుంచి, ఒక దిక్కులేని బిడ్డ నుంచి వచ్చిందని తెలిసి తట్టుకోలేక. తన గొప్ప తనది కాదని తెలిసిన దొర ఆ నిజాన్ని ఒప్పుకోవడానికి బదులు ఊరంతా తగలబెట్టడానికి సిద్ధపడ్డాడు. ఈ కోపం మనకు తెలుసు. రిజర్వేషన్ మాటెత్తితే లేచే కోపం ఇదే. అభిమానుల తగాదాలో దీని మీద నడిచిన చర్చ పోలీసు పెట్టె మీద నడిచినంత లేదు.

కథ రాసిన క్రిస్ చిబ్నాల్ తాను పెంపుడు బిడ్డనని, ఈ మలుపు వెనక ఆ అనుభవం ఉందని చెప్పాడు. అందులో నిజాయితీ ఉంది. కానీ ఆయన కూడా లెక్క చివరిదాకా తేల్చలేదు. 2021లో డాక్టర్ చేతికి పోయిన జ్ఞాపకాలున్న గడియారం దొరుకుతుంది. డాక్టర్ దాన్ని తెరవదు. తను గట్టిగా అడిగేదాకా కనబడని చోట దాచమని యంత్రానికే ఇచ్చేస్తుంది. గతంతో పని లేకుండా బతకడం గొప్ప అన్నట్టు ఆ దృశ్యం ఉంది. గతం వదిలేయమని మనకూ చెబుతుంటారు. తమ వంశవృక్షం మాత్రం గోడకు వేలాడేసుకుంటారు. జో మార్టిన్ డాక్టర్ కూడా అలాగే మిగిలింది. ఆ తర్వాత కొన్ని కథల్లో కాసేపు కనబడింది, 2025లోనూ ఒకసారి కనబడింది. తెర మీద ఆమెకంటూ ఒక సిరీస్ ఇవ్వలేదు.

ఇక ప్రమాణం సంగతి. ఏ కథ ప్రమాణమో, ఏది కాదో బీబీసీ జాబితా వేయలేదు. అందుకే నచ్చని మలుపును లెక్కలోంచి తీసేస్తాం అనే వీలు అభిమానులకుంది. మన దగ్గర దీనికి ప్రక్షిప్తం అన్న మాటుంది. శంబూకుడి తల నరికిన సంగతి ఎత్తగానే ఉత్తరకాండ ప్రక్షిప్తం, వాల్మీకి రాసింది కాదు అంటారు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూక వధ' నాటకం రాసి ఆ ప్రశ్నను రచ్చకెక్కించాడు. జవాబు మాత్రం మారలేదు. సరే, ప్రక్షిప్తమే అనుకుందాం. చేర్చినవాడికి ఆ హత్యను చేర్చాల్సిన అవసరం ఏమొచ్చింది? చేర్చాక అన్ని వందల ఏళ్ళు ఎందుకు చదివారు? కథలోంచి తీసేసినంత మాత్రాన హత్యకు జవాబు చెప్పినట్టు కాదు. నచ్చని మలుపును కొట్టేసే అభిమానికి కూడా మా ప్రశ్న ఇదే.

అయితే వేలు మనవైపు కూడా తిప్పుకోవాలి. మనకూ పుట్టుక కథలున్నాయి. జాంబవుడు భూమి కంటే ఆర్నెల్లు ముందు పుట్టాడని జాంబపురాణం చెబుతుంది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచములన్న పేరు తీసేసి ఆది ఆంధ్రులని పెట్టుకున్నాం. కడజాతి అన్నవాడికి మేమే మొదటివాళ్ళమని చెప్పడం ఆనాటి పోరాటం. దాన్ని తక్కువ చేయం. కానీ ముందు పుట్టాం కాబట్టి గొప్పవాళ్ళం అంటే మనువు లెక్కనే తలకిందులు చేసి చదువుతున్నట్టు. ముందు నుంచీ ఉన్నాం, మా నుంచి ఏమేం తీసుకున్నారో లెక్క చెప్పండి అనడం వేరు. ఆ బిడ్డ కథలో మనకు పనికొచ్చేది ఈ రెండోది.

2024లో ఇంకో మలుపు వచ్చింది. రూబీ అనే అమ్మాయిని పసికందుగా క్రిస్మస్ ముందురాత్రి చర్చి దగ్గర ఎవరో వదిలి వెళ్ళారు. తల్లి ఎవరన్నది ఆ సిరీస్ పొడుగునా ముడి. ఏ దేవతో, ఏ పాత పాత్రో అని అభిమానులు ఊహలు అల్లారు. జూన్ 22న ముడి విప్పితే తల్లి 15 ఏళ్ళ మామూలు పిల్ల, తర్వాత నర్సు అయింది. ఇంతేనా అని చాలామంది నిట్టూర్చారు. నాలుగేళ్ళ కిందట మామూలుతనం పోయిందని బాధపడిన అభిమాన లోకంలోనే, ఇప్పుడు మామూలు తల్లి చాలదన్న మాట వినబడింది. మాకైతే ఆ మలుపు నచ్చింది. కన్నతల్లి నర్సు కావడం తక్కువని అనుకోవడం ఎవరు నేర్పారు మనకు?

ఇంత చెప్పాక అభిమానులకు ఒక దండం పెట్టాలి. 1960లు, 70లలో బీబీసీ పాత టేపుల్ని చెరిపేసింది. 1960ల నాటి ఎపిసోడ్లు 90కి పైగా ఇప్పటికీ దొరకలేదు. కానీ వాటన్నిటి శబ్దం ఉంది. ఇళ్ళల్లో టీవీ ముందు టేపురికార్డర్ పెట్టుకుని పట్టుకున్నవాళ్ళ పుణ్యం అది. సంస్థ తుడిచేసినదాన్ని చూసినవాళ్ళు దాచారు. తగాదా పడే ఓపిక, గుర్తుపెట్టుకునే ఓపిక ఒక్కచోట నుంచే వచ్చాయి.

మన కథను అలా గుర్తుపెట్టుకున్నవాళ్ళు డక్కలోళ్ళు. కిన్నెర పట్టుకుని మాదిగల వంశం, జాంబపురాణం వాళ్ళే చెప్పుకొచ్చారు. ఆ చెప్పినవాళ్ళను వాడలోపలికి రానివ్వక దూరం పెట్టింది ఎవరో కాదు, మనమే. టైమ్ లార్డ్స్ చేసిన పని చదివి కోపం తెచ్చుకున్న మనం ఈ లెక్క కూడా రాసుకోవాలి. పుట్టుక ఎవరిదో తేల్చే ముందు, మన కథ మోసినవాళ్ళకు మనం ఏం బాకీ ఉన్నామో తేల్చాలి.