గుండ్రంగా లేని చుట్టు

రోలర్ కోస్టర్‌లో మనుషుల్ని తలకిందులుగా తిప్పే ఉక్కు లూప్‌ను ఈసారి పక్క నుంచి, కాస్త దూరంగా నిలబడి చూడండి. రైలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఖాళీ పట్టాలు చాలు. అది వలయంలా ఉండదు. అడుగున వెడల్పుగా, తీరిగ్గా లేస్తుంది. పైకి పోయేకొద్దీ ఒంపు బిగుసుకుంటూ వెళ్లి, శిఖరం దగ్గర చప్పున మెలి తిరుగుతుంది. దిగేటప్పుడు మళ్లీ అంతే ఓపిగ్గా విచ్చుకుంటుంది. తిరగేసిన నీటిబొట్టు ఆకారం అది. చూడ్డానికి బాగుంటుందని అలా వంచారేమో అనిపిస్తుంది. కానీ ఆ ఒంపులో ప్రతి మీటరుకూ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ పట్టాల మీద వెళ్లే మనిషి మెడ, గుండె, కళ్ల చుట్టూనే తిరుగుతాయి.

ముందు కొలమానం సంగతి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ మనల్ని మన బరువంత బలంతో పైకి నెడుతుంది. ఆ నెట్టుడునే శరీరం ‘బరువు’గా గుర్తిస్తుంది. దాన్ని 1 జి అంటారు. సీటుతో పాటే మనమూ కిందికి పడిపోతుంటే నెట్టేదేమీ ఉండదు, అది 0 జి. కోస్టర్ గుట్ట దాటి దిగేటప్పుడు కడుపులో తేలినట్టుండేది ఇందుకే. లోయ అడుగున పట్టా పైకి వంగేచోట సీటు మన బరువును మోయడంతో పాటు మన దిశను కూడా మార్చాలి కాబట్టి ఎక్కువగా నెడుతుంది. 5 జి అంటే 60 కిలోల మనిషిని సీటు 300 కిలోలకు సరిపడా బలంతో నెట్టడం. 5 కిలోల తలను ఆ క్షణాన మెడ 25 కిలోల తలలా మోయాలి.

ఈ అదనపు బలం రెండింటి మీద ఆధారపడుతుంది: వేగం, ఒంపు వ్యాసార్థం. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. వ్యాసార్థం సగానికి తగ్గితే బలం రెట్టింపవుతుంది. హైస్కూలు భౌతికశాస్త్రంలో అభికేంద్ర బలం పాఠం ఇదే. కోస్టర్ రూపకర్త చేతిలో ఉన్న పనిముట్లు కూడా ఈ రెండే. అందులోనూ వేగం ఆయన మాట పూర్తిగా వినదు. రైలు పైకి ఎక్కితే తగ్గుతుంది, దిగితే పెరుగుతుంది. ఆయన ఇష్టానికి మిగిలింది వ్యాసార్థమే.

మొదట్లో కట్టినవాళ్లు ఆ స్వేచ్ఛను వాడుకోలేదు. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని సీ లయన్ పార్కులో లీనా బీచర్ ‘ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే’ కట్టాడు. సుమారు ఏడున్నర మీటర్ల వ్యాసమున్న వలయం అది. అడుగున ప్రయాణికులకు 12 జి దాకా తగిలేదని తర్వాతివాళ్లు అంచనా కట్టారు. ఈనాటికీ ఏ కోస్టరూ దాని దరిదాపులకు పోదు, పోవాలని ఎవరూ కోరుకోరు కూడా. 1901లో అదే కోనీ ఐలాండ్‌లో ఎడ్విన్ ప్రెస్కాట్ ‘లూప్ ది లూప్’లో వలయాన్ని కోడిగుడ్డు ఆకారానికి సాగదీశాడు. దారి సరైనదే, ప్రయాణం కూడా మెత్తబడింది. కానీ ఒక్కో బండిలో నలుగురే పట్టేవారు, రాబడి చాలలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు లూప్ జోలికి దాదాపు ఎవరూ పోలేదు.

వలయంతో వచ్చే చిక్కు చాలా మొండిది. శిఖరం దగ్గర మనిషి సీటు నుంచి జారకుండా ఉండటానికి కావలసిన కనీస వేగం తీసుకోండి. అంత వేగం పైన ఉండాలంటే అడుగున ఎంత ఉండాలో శక్తి నిత్యత్వ సూత్రంతో వెనక్కి లెక్క కట్టండి. ఆ వేగానికి అడుగున తగిలే బలం 6 జి అని తేలుతుంది. వలయం ఏడు మీటర్లదైనా డెబ్బై మీటర్లదైనా అదే జవాబు, ఎందుకంటే వ్యాసార్థం లెక్కలో రెండు వైపులా ఉండి క్యాన్సిల్ అయిపోతుంది. పెద్దగా కడితే మెత్తబడుతుందనే ఆశకు ఇక్కడ చోటు లేదు. పైగా గాలి, ఘర్షణ తినేసే వేగానికి కూడా ముందే లెక్క వేసుకోవాలి. కాబట్టి నిజమైన వలయంలో 6 జి కంటే ఎక్కువే తగులుతుంది.

ఇప్పుడు అదే ఎత్తును రెండు రకాలుగా వంచి చూద్దాం. అడుగున వేగం సెకనుకు 24 మీటర్లు, అంటే గంటకు 86 కిలోమీటర్లు. లూప్ ఎత్తు 22 మీటర్లు. శిఖరం చేరేసరికి వేగం సెకనుకు 12 మీటర్లకు, సరిగ్గా సగానికి పడిపోతుంది. 11 మీటర్ల వ్యాసార్థంతో వలయం కడితే అడుగున 6.3 జి, పైన 0.34 జి. కింద నలిగిపోతాడు, పైన దాదాపు వేలాడతాడు. బదులుగా అడుగున వ్యాసార్థాన్ని 17 మీటర్లకు పెంచి, శిఖరం దగ్గర ఏడున్నరకు తగ్గిస్తే? అడుగున బలం నాలుగున్నర జి దగ్గర ఆగుతుంది. పైన దాదాపు 1 జి. తలకిందులుగా ఉన్న మనిషిని సీటు ఇంట్లో కుర్చీ నెట్టినంత బలంతోనే నెడుతుంది. ఎత్తూ మారలేదు, వేగమూ మారలేదు. రైలు ఎక్కడ వేగంగా ఉంటుందో అక్కడ ఒంపును సడలించి, ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడ బిగించారంతే. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక మళ్లీ ఆ ఉక్కు ఒంపును చూస్తే, రైలు ఎక్కడ ఎంత వేగంతో వెళ్తుందో దాని గీతలోనే కనిపిస్తుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. నా దృష్టిలో అసలు పనితనం దాగి ఉన్నది ఇక్కడే. బలం ఎంతన్నది ఒక సంగతి, ఎంత తొందరగా వచ్చి మీద పడిందన్నది ఇంకో సంగతి. తిన్నని పట్టాను నేరుగా వలయానికి అతికిస్తే అతుకు దగ్గర వక్రత సున్నా నుంచి ఒక్కసారిగా పూర్తి విలువకు దూకుతుంది. 1 జి ఉన్న శరీరం రెప్పపాటులో 6 జిలో పడుతుంది. మెడ కండరాలు బిగుసుకోవడానికి వ్యవధి దొరకదు. కోనీ ఐలాండ్‌లో మెడలు పట్టేసింది అందుకే. దీనికి మందు రైల్వే ఇంజనీర్లకు అప్పటికే తెలుసు: తిన్నని దారికీ మలుపుకీ నడుమ వక్రత కొంచెం కొంచెంగా పెరిగే సంధి వక్రం. నడిచిన దూరానికి అనుపాతంలో వక్రత పెరిగే వక్రాన్ని క్లోథాయిడ్ అంటారు. మన రహదారుల మలుపుల్లోనూ దాన్నే వాడతారు. స్టీరింగును ఒకే తీరుగా తిప్పుతూ పోతే కారు గీసే గీత అదే.

ఆ గీతను నిలువునా లేపి, మనుషుల్ని తలకిందులు చేయడానికి వాడుకున్నది ఇద్దరు జర్మన్లు. ఆంటన్ స్వార్జ్‌కాఫ్ బవేరియాలోని మ్యూన్‌స్టర్‌హౌజెన్‌లో వర్క్‌షాపు నడిపిన లోహపు పనివాడు. వెర్నర్ స్టెంగెల్ మ్యూనిక్‌లో కూర్చుని లెక్కలు కట్టే సివిల్ ఇంజనీరు. వాళ్ల లూప్ 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ‘రివల్యూషన్’ పేరుతో తెరుచుకుంది. దాని గరిష్ఠ బలం 4.9 జి. అప్పటికి ఎనభై ఏళ్ల కిందటి ఏడున్నర మీటర్ల వలయం కంటే దాదాపు నాలుగింతల ఎత్తున్న చుట్టులో, ఆనాటి బలంలో సగానికన్నా తక్కువ.

అలాంటి గీత గీయగలిగితే చాలదు, దాన్ని పట్టాగా వంచగలగాలి. చెక్క కోస్టర్లలో పలకల్ని పొరలు పొరలుగా పేర్చి పైన ఉక్కు పట్టీ బిగిస్తారు. అది గుట్టలకు లొంగుతుంది కానీ ఇలాంటి మెలికలకు సులువుగా లొంగదు. 1959లో డిస్నీల్యాండ్‌లోని మాటర్‌హార్న్ కోస్టర్ కోసం ‘ఆరో డెవలప్‌మెంట్’ అనే కంపెనీ గొట్టాలతో పట్టా చేయడంతో దారి తెరుచుకుంది. గుండ్రటి ఉక్కు గొట్టాన్ని ఏ దిశలోనైనా వంచవచ్చు. చక్రం దాన్ని ఏ వైపు నుంచైనా పట్టుకోవచ్చు. కోస్టర్ బండికి చక్రాలు మూడు వరసల్లో ఉంటాయి: గొట్టం మీద నడిచేవి, పక్క నుంచి ఆనుకునేవి, అడుగు నుంచి పట్టుకునేవి. ఈ అడుగు చక్రాల ఆలోచన అమెరికన్ రూపకర్త జాన్ మిల్లర్‌ది, 1919 నాటిది. మూడు వరసలూ కలిసి గొట్టాన్ని పిడికిలి పట్టినట్టు పట్టుకుంటాయి కాబట్టి బండి పైకి లేవదు, పక్కకు పోదు. చక్రాలకు ఉక్కు అంచు కాకుండా పాలీయురేథేన్ లేదా నైలాన్ తొడుగు ఉంటుంది. పాలీయురేథేన్ మెత్తన, అదురును మింగేస్తుంది. నైలాన్ గట్టిది, వేగాన్ని తక్కువ తింటుంది. మనుషులకు తగిలే బలం పట్టాకూ తగులుతుంది. మనుషులతో కలిపి 7 టన్నుల రైలు నాలుగున్నర జి దగ్గర 30 టన్నులకు పైగా బరువు మోపుతుంది. అదీ రోజుకు కొన్ని వందల సార్లు. అందుకే వెల్డింగ్ అతుకులన్నిటినీ మళ్లీ మళ్లీ పరీక్షిస్తూనే ఉండాలి.

శరీరం ఈ బలాన్ని ఎందుకు ఓర్చుకుంటుందో, ఎక్కడ ఓర్చుకోలేదో చూడండి. గుండెకూ కంటికీ మధ్య నిలువు దూరం సుమారు 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తు రక్తస్తంభానికి 1 జి దగ్గర 22, 23 మిల్లీమీటర్ల పాదరసం పీడనం ఖర్చవుతుంది. 5 జి దగ్గర ఖర్చు అయిదింతలై 110 దాటుతుంది. గుండె నెట్టే పై పీడనం 120. అంటే కంటికి రక్తం చేరడం దాదాపు ఆగిపోవాలి. కంటిలోపల సొంత పీడనం కూడా ఉంది కాబట్టి స్పృహ కంటే ముందు చూపు మసకబారుతుంది. అయినా కోస్టర్‌లో మనకు చీకట్లు కమ్మవు. కారణం, మెదడులోనూ కంటిలోనూ కొన్ని సెకన్లకు సరిపడా ఆక్సిజన్ నిలవ ఉంటుంది. లూప్ అడుగున బలం పతాకస్థాయిలో ఉండేది ఇంచుమించు ఒక్క సెకనే. రూపకర్త ఆ నిలవ మీద లెక్క వేసుకునే పని చేస్తాడు. ఇంత బలం ఇంతసేపే అని వ్యవధితో ముడిపెట్టి హద్దులు గీసేవి నేటి భద్రతా ప్రమాణాలు.

దిశ కూడా ముఖ్యమే. 1954లో అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద పట్టీలతో బిగించుకుని, బండి ఆగేటప్పుడు 46.2 జి భరించి బతికాడు. అది ఛాతీ వైపు తగిలిన బలం. తల నుంచి కాళ్ల వైపు అయితే అందులో చిన్న భాగమే భరించగలం. జపాన్‌లోని ఫుజి-క్యూ హైల్యాండ్‌లో ‘దో-దొదొన్పా’ గాలి పీడనంతో 1.56 సెకన్లలో గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకునేది, అంటే వీపు వైపు నుంచి 3.27 జి. సంఖ్య చూస్తే లూప్ కంటే తక్కువే. కానీ కొందరు ప్రయాణికులకు ఎముకలు విరిగినట్టు ఫిర్యాదులు రావడంతో 2021లో దాన్ని ఆపేశారు, తర్వాత శాశ్వతంగా మూసేశారు. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌లోని గోల్డ్ రీఫ్ సిటీలో ‘టవర్ ఆఫ్ టెర్రర్’ లోయ అడుగున 6.3 జి అని ప్రకటించుకుంది. అది లూప్ కాదు, నిలువుగా పడి తిన్నబడే ఒక్క ఒంపు.

మెడకు అన్నిటికన్నా పడనిది పక్క నుంచి తగిలే బలం. బండి మెలికలో దొర్లేటప్పుడు పట్టా చుట్టూ తిరిగితే, పట్టాకు మీటరు పైన ఉన్న తల పెద్ద చాపంలో విసిరినట్టు కదులుతుంది. స్టెంగెల్ దీన్ని తిరగేశాడు. ముందు ప్రయాణికుడి గుండె నడిచే గీతను గాలిలో గీశాడు. ఆ గీత చుట్టూ పట్టా మెలి తిరగాలి, గుండె మాత్రం నిలకడగా సాగాలి. దానికోసం పట్టా లేవాల్సిన చోట లేస్తుంది, పక్కకు జరగాల్సిన చోట జరుగుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకు పట్టా వంకరటింకరగా కనిపిస్తుంది, కూర్చున్నవాడికి తన చుట్టూ లోకం తిరిగినట్టు ఉంటుంది. ఇంజనీరింగ్‌లో ఇంతకంటే మర్యాద గల ఆలోచనలు నేను తక్కువ చూశాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2005లో స్టెంగెల్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇవన్నీ చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలోని వండర్‌లాలో ‘రీకాయిల్’ ఉంది. డచ్ కంపెనీ వెకోమా తయారుచేసే బూమరాంగ్ నమూనా అది. రైలును వెనక్కి లాగి ఎత్తుకు ఎక్కించి వదిలేస్తారు. స్టేషన్ దాటి, రెండుసార్లు తలకిందులు చేసే మెలికలోకి, తర్వాత నిలువు లూప్‌లోకి పోయి, ఎదుటి ఎత్తు ఎక్కుతుంది. అక్కడి నుంచి అదే దారిలో వెనక్కి వస్తుంది. లూప్ రెండు వైపులా ఒకేలా ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది. వీలైతే ముందు సీటులో ఒకసారి, చివరి సీటులో ఒకసారి కూర్చోండి. రైలు పొడవైనది కాబట్టి ముందు సీటు లూప్‌లో అడుగుపెట్టేటప్పుడు మిగతా రైలంతా ఇంకా కిందే ఉంటుంది, వేగం నిండుగా ఉంటుంది. ఆ సీటు లూప్ దిగి బయటపడేటప్పుడు సగం రైలు ఇంకా పైనే ఉంటుంది, వేగం తక్కువ. చివరి సీటుకు ఇది తలకిందులు: మెల్లగా ఎక్కి, జోరుగా దిగుతుంది. రైలు వెనక్కి వచ్చేటప్పుడు ఈ రెండు సీట్లూ తమ వంతులు మార్చుకుంటాయి.

రివల్యూషన్ 1976లో తెరిచినప్పుడు అందులో తొడల మీద ఆనే ఒక్క కమ్మీ మాత్రమే ఉండేది. ఒంపే మనిషిని ఎల్లవేళలా సీటులోకి నొక్కిపెడుతుంది కాబట్టి వేరే పట్టు అక్కర్లేదని దాన్ని కట్టినవాళ్ల నమ్మకం. తర్వాతి కాలంలో భుజాల మీదుగా దిగే కమ్మీలు చేర్చారు. వాటికి తలలు కొట్టుకునేవి. 2016లో ఆ భుజపు కమ్మీలు తీసేసి, మళ్లీ తొడల కమ్మీ ఉన్న కొత్త బండ్లు పెట్టారు. లూప్‌ను మాత్రం మార్చాల్సిన అవసరం రాలేదు.