శ్రీమతి భానుమతీ రామకృష్ణ : నటనమును స్వాధికారమును

నటీనటులను గూర్చి మనవారికి రెండు బుద్ధులు కలవు. తెరమీద చూచునపుడు వారిని దేవతలవలె పూజింతుము. మన యింటి బిడ్డ యా వృత్తిలో ప్రవేశించెద నన్నచో తలుపులు మూసికొందుము. పురుషుల విషయమున నీ భయము కొంత తగ్గినది. స్త్రీల విషయమున నేటికిని తగ్గలేదు. ఈ ద్వంద్వబుద్ధి న్యాయమా యని విచారించుటకు మా ప్రకాశము సీమలో జన్మించిన శ్రీమతి భానుమతీ రామకృష్ణ జీవితమును మించిన యుదాహరణము దొరకదు. ఆమెను ప్రశంసించుచు పలువురు పలువిధముల వ్రాసియున్నారు. మేము వ్రాయునది ప్రశంస కాదు, పరిశీలనము. ఆమె యెంత బాగుగా పాడెను, ఎంత బాగుగా నటించెను అను ప్రశ్నలకంటె, తన పనికి తానెట్లు యజమానురాలయ్యెను, దానినుండి మన గృహములు నేర్వదగిన దేమి యను ప్రశ్నయే మాకు ముఖ్యము.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారమగు మేము ఆమెను మా సీమబిడ్డ యనుట కొందఱికి వింతగా తోపవచ్చును. మా తాలూకాలు పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడినపుడు అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. కాని పాలకులు గీతలు గీయుటకు ముందే గుండ్లకమ్మ మమ్ములను తూర్పువారితో కలిపినది. నల్లమలలో పుట్టి, కంభము చెఱువును నింపి, తూర్పునకు సాగి, ఒంగోలు ప్రాంతమును తడిపి యా నది సముద్రమును చేరును. ఆ తూర్పు భాగమున, ఒంగోలునకు సమీపమందలి దొడ్డవరమున 1925 సెప్టెంబరు 7వ తేదీని భానుమతి జన్మించెను. కంభము చెఱువును కట్టించినది విజయనగర రాణి వరదరాజమ్మ యని మా ప్రాంతమున ప్రతీతి. స్త్రీ కట్టించిన దని చెప్పుకొను చెఱువు క్రింద పండిన ధాన్యమును తరతరములుగా తినుచు, స్త్రీ కార్యనిర్వహణమునకు తగదని వాదించుట మావంటి వారికి శోభింపదు.

ఆమె చిత్రములలో ప్రవేశించిన నాటి స్థితిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. తెలుగు టాకీ 1932లో "భక్తప్రహ్లాద"తో పుట్టినది. అందు లీలావతి పాత్రను ధరించిన సురభి కమలాబాయి, కుటుంబమే నాటకసమాజముగా బ్రదికిన సురభివారి బిడ్డ. ఇతర సమాజములలో స్త్రీపాత్రలను స్థానం నరసింహారావుగారి వంటి పురుషులే ధరించుచుండిరి. స్త్రీలు ధరించినచో వారు తఱచుగా కళావంతుల కుటుంబములవారై యుండిరి. లోకము వారి విద్యను అనుభవించి, వారికి గౌరవమును మాత్రము నిరాకరించుచుండెను. అట్టి దినములలో సంగీతప్రియులగు గృహస్థులు బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు తమ కుమార్తెను చిత్రములలో నటింపనిచ్చిరి. అయితే నటు డెవ్వడును ఆమెను తాకరాదని నిర్మాతలకు నియమము విధించిరి.

ఈ నియమమును శీలరక్షణమునకు నిదర్శనముగా పలువురు మెచ్చుకొందురు. మేము సగమే మెచ్చుకొనగలము. తండ్రి భయము నిష్కారణమైనది కాదు. బాలికకు రక్షణ వలయును. కాని నియమము పెట్టినది తండ్రి, అంగీకరించినది నిర్మాత. ఇందు బాలిక మాట యెక్కడ? ఇతరులు వేసిన కంచె, వేసినవారు దూరమైన దినమున నిలువదు. స్త్రీకి గౌరవము ఒకరి షరతువలన గాక తన స్వాధికారమువలన కలుగవలెను. భానుమతి జీవితమంతయు ఆ మొదటి కంచెనుండి ఈ రెండవ స్థితికి నడచిన నడకయే. 1943లో, "కృష్ణప్రేమ" చిత్రమునకు సహాయ దర్శకుడుగా నుండిన పి. ఎస్. రామకృష్ణారావుగారిని, తండ్రికి మొదట నిష్టము లేకున్నను, ఆమె తానే వరించి వివాహమాడెను. ఆ నడకలో నిది తొలి యడుగు.

ఆమె మొదటి చిత్రము "వరవిక్రయము" (1939). కాళ్లకూరి నారాయణరావుగారి ప్రసిద్ధ నాటకమును చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో చిత్రముగా తీసిరి. అందు భానుమతి కాళింది, పుష్పవల్లి కమల. కట్నమునకై తండ్రి యాస్తి నమ్ముకొనుట చూడలేక కాళింది నూతిలో దుమికి ప్రాణములు విడుచును. చెల్లెలు కమల మఱొక త్రోవ త్రొక్కును. ధనమిచ్చి కొన్న వరుడు మా యింటికే రావలెను గాని నేను అత్తవారింటికి పోనని మొండికెత్తి, కొన్నవారి హక్కును న్యాయస్థానమున చాటును. కవి యుద్దేశము స్పష్టమే: కాళింది మరణము దుఃఖము, కమల వాదము ఔషధము. కాని ప్రేక్షకులు కాళిందికై కన్నీరు కార్చి, సింగరాజు లింగరాజును చూచి నవ్వి, ఇంటికి మరలి తమ కుమారుని వెల తాము బేరమాడిరి. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. బేరము ఆగలేదు, దాని పేర్లు మాత్రము మాఱినవి. కాళిందికై కార్చిన కన్నీరు కట్నపు చీటీలోని యొక యంకెనైనను చెఱుపలేకపోయెను. ఇది నటి లోపము కాదు, మనది.

వివాహానంతరము చిత్రములు మానవలెనని తలచినను, బి. ఎన్. రెడ్డిగారి "స్వర్గసీమ" (1945) ఆమెను మరల తెరపైకి తెచ్చినది. అందు ఆమె పాత్ర వీథిలో ఆడి పాడు సుబ్బులక్ష్మి. పత్రికాసంపాదకుడగు మూర్తి ఆమెను నాటకరంగమునకు తెచ్చును. ఆమె సుజాతాదేవియై కీర్తి నార్జించి, ఆతని సంసారమును చెదరగొట్టును. నాగయ్యగారి మూర్తియు, జయమ్మ పోషించిన యిల్లాలు కల్యాణియు సహజముగా నున్నారు. అయినను చిత్రమును నడిపించునది సుజాతయే. పావురమును గూర్చిన పాటను ఆమె పాడిన తీరు, ఆ చూపు, ఆ నవ్వు తెలుగు తెరకు క్రొత్తవి. కాని కథను విమర్శింపక తప్పదు. ఇల్లాలు సహించును, నటి చెఱచును, పురుషుడు పశ్చాత్తాపపడి యింటికి వచ్చును, వచ్చినంతనే క్షమింపబడును. తప్పు చేసినవాడు క్షమార్హుడు, తప్పునకు నెపమైనది దోషి. నటనావృత్తిచే జీవించు పరిశ్రమయే నటిని గూర్చి యిట్టి చిత్రమును లోకమునకు చూపుట ఎంత విపరీతము! భానుమతి యా పాత్రకు ప్రాణము పోసి, సుజాతను కేవలము దుష్టురాలుగా గాక ఆకలి నెఱిగిన తెలివిగల స్త్రీగా నిలిపినది. కథ చేయని న్యాయమును నటనము చేసినది.

ఇక ఆమె జీవితమునందలి ముఖ్యఘట్టము. 1947లో ఆ దంపతులు భరణీ పిక్చర్సు సంస్థను స్థాపించిరి. తరువాత స్టూడియోను నిర్మించిరి. "రత్నమాల", "లైలామజ్ను", "విప్రనారాయణ" మున్నగునవి యా సంస్థ చిత్రములు. 1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళము, హిందీ భాషలలో ఆమెయే దర్శకత్వము వహించి తీసెను. అందు రెండు పాత్రలను తానే ధరించెను. అమెరికాలో మేరీ పిక్‌ఫర్డు 1919లో చాప్లిన్ మున్నగువారితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించినది. బొంబాయిలో దేవికారాణి, భర్త హిమాంశు రాయ్ 1940లో గతించిన పిదప, బాంబే టాకీసు భారమును మోసినది. తెలుగునాట ఆ స్థానము భానుమతిది. జీతము తీసికొను నటికి పాత్ర యిచ్చువాడు ప్రభువు. కథను ఎన్నుకొని, లెక్కలు చూచుకొని, స్టూడియో తాళపు చెవి తన కొంగున ముడివేసికొనిన నటికి ప్రభువు తానే. తండ్రి నియమము చేయజాలని పనిని ఈ తాళపు చెవి చేసినది.

"మల్లీశ్వరి" (1951) ఆమె నటనమునకు పరాకాష్ఠ యని యందఱు నందురు, మేమును కాదనము. బావమరదండ్రైన నాగరాజు, మల్లి ఒకరి నొకరు ప్రేమించుకొందురు. ధనము లేదని మల్లి తల్లి యొప్పుకొనదు. నాగరాజు ధనార్జనకు పోగా, రాయలవారి పల్లకీ వచ్చి మల్లిని అంతఃపురమునకు కొనిపోవును. ఇంటికి సంపద వచ్చినదని తల్లి మురియును. పల్లెలో కిలకిల నవ్విన పిల్ల, రాణివాసమున మాటలు మఱచిన స్త్రీగా మాఱు క్రమమును భానుమతి కంఠముతోను, కనుఱెప్పలతోను చూపినది. ఇందు మన దృష్టి నిలుపవలసినది రాయలవైభవము కాదు. "వరవిక్రయము"లో వరుని అమ్మినారు, ఇక్కడ పిల్లను పల్లకీ నెక్కించినారు. రెండింటను ఇంటిపెద్దలు ధనమును చూచిరి, బిడ్డ మొగమును చూడలేదు.

ఆమెకు పొగ రెక్కువ యని లోకులు చెప్పుకొందురు. ఇందుకు "మిస్సమ్మ" (1955) కథను సాక్ష్యముగా చూపుదురు. ఆ చిత్రమునకు మొదట ఆమెనే ఎన్నుకొని కొంత భాగము తీసిరి. నిర్మాత చక్రపాణిగారితో మాటపట్టింపు వచ్చినది. క్షమాపణ చెప్పుట కిష్టపడక ఆమె తప్పుకొనినది. ఆ పాత్ర సావిత్రికి లభించి ఆమె కీర్తికి మెట్టయ్యెను. ఆనాటి వివాదమున న్యాయ మెవరిదో మేము తీర్పు చెప్పము. ఒక్కటే యడుగుదుము: ఇట్టి పట్టుదల పురుషుడు చూపినచో దానికి మనము పెట్టు పేరేమి? ఆత్మాభిమాన మందుము. స్త్రీయందు అదే పొగ రగును. ఒకే గుణమునకు రెండు పేర్లు పెట్టు భాష న్యాయమైన భాష కాదు. మన యింటి బిడ్డల విషయమునను ఈ భాషనే వాడుచున్నామేమో పాఠకులు యోచింపవలెను.

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. లోపమును కూడ చెప్పుట విమర్శకుని విధి. సొంత సంస్థ చేతనుండగా, భరణీవారు శరచ్చంద్రుని "బడదీదీ"ని అనుసరించి "బాటసారి" (1961) తీసిరి. బాలవితంతువగు మాధవి పాత్రలో భానుమతి మితభాషణము, నిగ్రహము ప్రశంసనీయములే. కాని వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము చేయించి అప్పటి కెనుబదియేండ్లు కావచ్చినవి. ఎనుబదియేండ్ల పిదపను మన చిత్రము వితంతువునకు చూపిన దారి మౌనమును, త్యాగమునే! మూలకథను మార్చుట ధర్మము కాదందురేని, ఆ కథను ఎన్నుకొనుట స్వేచ్ఛయే గదా! ప్రభుత్వము చేతికి వచ్చిన పిదప వెనుకటి రాజు శాసనములనే చదివించుట వంటిదిది. స్వాధికారము లభించుట ఒక యెత్తు, దానిని దేనికి వినియోగింతుమన్నది మఱొక యెత్తు.

ఈ లోపమును ఆమె కలము చాలవఱకు పూరించినది. "అత్తగారి కథలు" చదువని తెలుగిల్లాలు అరుదు. మునిమాణిక్యముగారి కాంతము కథలలో భర్త భార్యను చూచి నవ్వును. ఇందు కోడలు అత్తగారిని చూచి నవ్వును. మడి, ఆచారము, ఊరగాయలు, చాదస్తము అన్నియు నందు కలవు గాని, విషము లేదు. మన నాటకములలో అత్త రాక్షసి, కోడలు కన్నీటికుండ. భానుమతి యా యిరువురిని ఒక వంటయింటిలో కూర్చుండబెట్టి, ఒకరి బలహీనతను మఱొకరు మన్నించునట్లు చేసినది. తిట్టిన సంస్కర్తకు మూయబడిన తలుపు నవ్వించిన రచయిత్రికి తెఱువబడును. ఆమె యాత్మకథ "నాలో నేను" జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ సినిమా గ్రంథముగా గౌరవింపబడినది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు వచ్చినవి. చెన్నపట్టణమందలి తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆమె అధ్యక్షురాలుగా కూడ పనిచేసినది. 1984లో "మంగమ్మగారి మనవడు" చిత్రమున ముదుసలి పాత్రతో మఱియొక తరమువారిని ఆకట్టుకొని, 2005 డిసెంబరు 24వ తేదీని చెన్నపట్టణమున పరమపదించినది.

ఆమె తరువాత సావిత్రి "చిన్నారి పాపలు" (1968) చిత్రమునకు దర్శకత్వము వహించినది. విజయనిర్మల నలువదికి పైగా చిత్రములను దర్శించి ప్రపంచ ప్రఖ్యాతి గడించినది. అయినను తెలుగు చిత్రములకు దర్శకత్వము వహించిన స్త్రీలు నేటికిని కొలదిమందియే. ఒక్కరు దాటిన గోడ, అందఱికి త్రోవ కాదు. భానుమతికి సంగీతము నేర్పిన తండ్రి, పనిలో పాలుపంచుకొనిన భర్త, సొంత సంస్థ ఉండినవి. ఇవి లేని యెందఱు బాలికల ప్రజ్ఞ పెరటి నూతికడనే ఆగిపోయినదో లెక్కించువారు లేరు. అందుచే ఆమెను అసాధారణ స్త్రీ యని పొగడి యూరకుండుట కూడ ఒక విధమైన తప్పించుకొనుటయే.

మా మార్కాపురపు కొండరాతినుండి తీసిన పలకలమీద దేశమందలి యెన్ని లక్షల పిల్లలో అక్షరములు దిద్దుకొనిరి. ఆ పలకలను నునుపు చేసిన చేతులలో స్త్రీల చేతులు కలవు. మా పశ్చిమ ప్రాంతమున బడికి పోవుచున్న ఆడుబిడ్డను పెండ్లి పేరిట మాన్పించు తలిదండ్రులతో మేము మనవి చేయునది యిదియే: మీ బిడ్డ భానుమతి కానక్కఱలేదు. నటి కావలసిన పని యంతకంటె లేదు. కాని ఆమె చేయు పని యేదైనను, దాని లెక్క ఆమె చేతనుండనిండు. వరుని కొనుటకు దాచిన ధనమును ఆమె విద్యకు వెచ్చింపుడు. ఆమె "కాదు" అన్నచో దానిని పొగరనక అభిప్రాయమనుడు. కాళిందిని చూచి యేడ్చినవారు చేయదగిన ప్రాయశ్చిత్తము కమలను పెంచుటయే.