కొండ కాలితే ఎవరి పేరు రాస్తారు?

వేసవిలో విశాఖపట్నం ఎడిషన్ పేపర్లు నాలుగు ముందేసుకుని చదివితే ఒక వ్యాకరణ పాఠం దొరుకుతుంది. సింహాచలం కొండ మీదో, కంబాలకొండ అంచునో గడ్డి అంటుకుంటే "మంటలు చెలరేగాయి" అని రాస్తారు. ఆ వాక్యంలో కర్త మంటే. మనిషిని చెప్పక తప్పనప్పుడు "ఆకతాయిలు" అంటారు, లేకపోతే "గుర్తు తెలియని వ్యక్తులు". అదే మంట ఘాట్ రోడ్డెక్కి పాడేరు, చింతపల్లి వైపు వచ్చిందంటే కర్త ఒక్కసారిగా తెలిసిపోతాడు. పోడు కోసం గిరిజనులు నిప్పు పెట్టారని రాస్తారు. ఎవరు చూశారు, ఏ ఊరివాళ్లు, అది పోడు మెట్టా కాదా అన్న ప్రశ్నలు ఆ వార్తలో ఉండవు. కింద కొండకి ఆకతాయి, పై కొండకి ఒక జాతి మొత్తం!

ఇది విలేకరుల మీద కోపంతో రాస్తున్నది కాదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఈ వాక్యం ఎక్కడ తయారైందో చూడాలన్నదే నా ఉద్దేశం. ఎందుకంటే అది పేపరు దగ్గర ఆగడం లేదు, మన తరగతి గదుల్లోకి కూడా వచ్చింది.

తెలుగులో అడవి మంటకి రెండు గొప్ప మాటలున్నాయి. ఒకటి కార్చిచ్చు, రెండోది దావానలం. రెండూ భయపెట్టే మాటలే. ఆకు చెత్తని కాల్చే చిన్న మంటకీ, చెట్ల తలలు అంటుకునే పెద్ద మంటకీ వాటిలో తేడా లేదు. మనవాళ్లు రోజూ చూసే నిప్పులు వేరు. పోడు మెట్ట మీద కొట్టి ఎండబెట్టిన తుప్ప కాల్చే నిప్పు ఒకటి. పశువులకి కొత్త గడ్డి రావాలని పెట్టేది ఇంకొకటి. వేటలో జంతువుని తోలడానికి పెట్టేది వేరు. తేనె తీసేటప్పుడు పొగకి పెట్టేది వేరు. పారేసిన బీడీ నుంచి లేచేది మరీ వేరు. వీటన్నిటికీ ఒకే మాట వాడే భాషతో వార్త రాస్తే తీర్పు కూడా ఒకటే వస్తుంది.

తెలుగు పుస్తకాల్లో అడవి కాలడం ఎక్కడ మొదలైందని వెనక్కి వెళ్తే మహాభారతం ఆదిపర్వంలో ఖాండవ దహనం దగ్గర ఆగుతాం. నన్నయ తెలుగు చేసిన భాగంలోనే ఈ కథ ఉంది. శ్వేతకి రాజు యజ్ఞాల్లో నెయ్యి తాగి తాగి అగ్నిదేవుడికి అజీర్తి చేసింది. మందుగా ఖాండవ అడవిని తినాలనుకున్నాడు. అడవిలో ఉన్న తక్షకుడు ఇంద్రుడికి స్నేహితుడు. అందుకని ఇంద్రుడు వాన కురిపించి మంట ఆర్పుతున్నాడు. అప్పుడు అగ్ని బ్రాహ్మణ వేషంలో వచ్చి కృష్ణార్జునుల్ని సాయం అడిగాడు. అర్జునుడికి గాండీవం దొరికింది అప్పుడే. వాన పడకుండా బాణాలతో కప్పు కట్టి, ఇద్దరూ చెరో వైపు నిలబడి, మంటలోంచి పారిపోయే ప్రాణులన్నిటినీ తిరిగి మంటలోకే తోశారు. బతికి బయటపడ్డది ఆరుగురు: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. తక్షకుడు ఆ రోజు ఊళ్లో లేడు కాబట్టి మిగిలాడు.

ఈ కథని మన పిల్లలకి చెప్పేటప్పుడు గాండీవం దగ్గర ఎక్కువసేపు ఆగుతాం, మయసభ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతాం. మధ్యలో కాలినవాళ్ల దగ్గర ఆగం. మరాఠీ రచయిత్రి ఇరావతి కార్వే మాత్రం 'యుగాంత' అనే పుస్తకంలో అక్కడే ఆగారు. ఇది సాగు కోసం, స్థిరపడడం కోసం అడవినీ అందులో ఉండేవాళ్లనీ తుడిచిపెట్టిన కథ అని ఆమె చదివారు. నాకు ఆ చదువు సరైనదే అనిపిస్తుంది. అయితే ఒక మాట కలపాలి. ఆ కథలో నిప్పు పెట్టినవాడు దేవుడు, సాయపడ్డవాళ్లు వీరులు, బూడిద తర్వాత లేచిన సభ అద్భుతం. అడవిని పూర్తిగా కాల్చడం తెలుగు సాహిత్యానికి మొదటి నుంచీ నేరం కాదు. ఎవరు కాల్చారన్నదాన్ని బట్టి అది నేరం అవుతుంది.

మన చరిత్రలో ఆ నేరానికి తేదీ కూడా ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవుల్ని రిజర్వులుగా గీశారు, అందులో నిప్పు పెట్టడాన్ని నేరం చేశారు, పోడు మీద ఆంక్షలు పెరుగుతూ వచ్చాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికి వెళ్లినవాళ్ల కోపంలో ఈ పోడు మాట ఉంది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కూడా రిజర్వులో నిప్పుని అదే కంటితో చూస్తుంది. సినిమాల్లో సీతారామరాజు కనబడినంతగా పోడు కనబడదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండో వైపు మాట్లాడాలి. మనవాళ్లు రాసే వ్యాసాల్లో, పాటల్లో ఒక వాదన తరచుగా వస్తోంది. ఆదివాసీ అడవి తల్లి బిడ్డ, అతను అడవికి నిప్పు పెట్టనే పెట్టడు అని. ఇది చదవడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. పెడతాం. తాతల కాలం నుంచీ పెడుతున్నాం. భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ వైపు ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికి కొత్త చిగురు వేయాలని కాలుస్తారు. చైత్రంలో వేట మోజులో పెట్టి ఆర్పకుండా వదిలేసే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఆ మంట దిగి వెళ్లి అడ్డాకు తీగని కాలుస్తుంది, కరక్కాయ మొక్కని కాలుస్తుంది, కాఫీ తోటకి నీడనిచ్చే చెట్టు మొదలుని కాలుస్తుంది. గిరిజన సహకార సంస్థ డిపోకి మనం తీసుకెళ్లే సరుకు అందులో కాలిపోతుంది. నష్టం మొదట మనదే. కాబట్టి "మేం పెట్టం" అనే అబద్ధంతో పత్రికల అబద్ధానికి జవాబు చెప్పలేం. ఎలా పెడతాం, ఎప్పుడు పెడతాం, ఎవరు కాపలా కాస్తారు, ఆ పద్ధతి ఎక్కడ తెగిపోయింది అని రాయగలిగితే అది జవాబు అవుతుంది.

ఆ పద్ధతి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, సైన్సు టీచర్లకి పనికొస్తుంది. మంట వాలు మీద పైకి వేగంగా పోతుంది, కిందికి నెమ్మదిగా దిగుతుంది. పైకి పోయేటప్పుడు వేడిగాలి, సెగ ముందున్న గడ్డిని ముందే ఎండబెట్టేస్తాయి. 10 డిగ్రీల వాలు పెరిగితే పైకెక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండ మీద ట్రెక్కింగుకి వెళ్లినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, గాలి, కొండ వాలు కలిస్తే మనిషి పరుగు చాలదని అక్కడ తెలిసింది. ఇది పుస్తకం చదవని పోడు రైతుకి ఎప్పటి నుంచో తెలుసు. అందుకే పెద్దలు మెట్ట చుట్టూ చెత్త ఊడ్చి దారి తీస్తారు, గాలి తగ్గే సాయంత్రం వేళ చూసుకుంటారు, నిప్పు పై అంచున పెట్టి కిందికి దింపుతారు, చేతిలో పచ్చి కొమ్మలతో నలుగురైదుగురు నిలబడతారు. వానలకి ముందు ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది పడతాయి. రెండు మూడేళ్లు పండించి మెట్టని వదిలేస్తే తుప్ప మళ్లీ లేస్తుంది. వదిలే ఏళ్లు తగ్గిపోయాయి, నిజమే. భూమి తగ్గితే అవీ తగ్గుతాయి.

అటవీ శాఖ కూడా వేసవికి ముందు ఫైర్ లైన్లు గీస్తుంది. అడవిలో పట్టీలుగా గడ్డి కోసి, కొన్నిచోట్ల కావాలనే కాల్చి, పెద్ద మంట దాటకుండా చేస్తుంది. ఊరి కుర్రాళ్లనే ఫైర్ వాచర్లుగా పెట్టుకుంటుంది. పని మంచిదే. నా చిక్కంతా మాటతోనే. అదే చెయ్యి, అదే కొమ్మ, అదే నిప్పు. రోజుకూలి ఇచ్చినప్పుడు దాని పేరు "నివారణ". కూలి లేనప్పుడు "విధ్వంసం".

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగల అనుభవం మన టీచర్లు తప్పక తెలుసుకోవాలి. వాళ్లు వేసవి మొదట్లోనే ఎండాకుకి చిన్న మంట పెట్టేవారు. దాన్ని వాళ్లు 'తరగు బెంకి' అంటారు, అంటే ఎండాకు నిప్పు. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాక ఆ నిప్పు ఆగిపోయింది. తర్వాత లంటానా తుప్ప అడవంతా కమ్ముకుంది. ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగి కాపు తగ్గింది. చిన్న మంటలు ఆపితే లంటానా పెరిగిందనీ, లంటానా ఎండి పెద్ద మంటలకి మేత అయిందనీ సోలిగలు చెప్తే, పరిశోధకులు అడవిలో తిరిగి, కొలిచి, అందులో చాలా భాగం నిజమేనని రాశారు. 2011లో సోలిగలకి అక్కడ సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. మన కొండల మీదా లంటానా ఉంది. మన వైపు ఎవరు కొలిచారు? కొలవాల్సింది మన డిగ్రీ పిల్లలే అని నా అభిప్రాయం.

ఈ మధ్య వార్తలకి ఉపగ్రహం తోడైంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నవంబరు నుంచి జూన్ వరకు మంటల చుక్కలు లెక్కపెట్టి హెచ్చరికలు పంపుతుంది. దేశంలో 36 శాతానికి పైగా అడవికి తరచూ మంటల ముప్పు ఉందని ఆ సంస్థే చెప్పింది. పనికొచ్చే వ్యవస్థే. అయితే చుక్క అంటే ఏమిటో చదివేవాడికి తెలియాలి. వాడే పరికరాల్లో ఒకదానికి కిలోమీటరు గడి, ఇంకోదానికి 375 మీటర్ల గడి. ఆ గడిలో ఎక్కడో వేడి కనబడిందని మాత్రమే చుక్క చెప్తుంది. అది పోడు మెట్టా, గడ్డి కొండా, రోడ్డు పక్క చెత్తా అన్నది చెప్పదు. పెట్టినవాడి కులం అసలే చెప్పదు. పేపర్లో చుక్కల సంఖ్య పక్కనే "పోడు" అని రాసి ఉంటే, ఆ మాట ఆకాశం నుంచి వచ్చింది కాదని గుర్తుపెట్టుకోండి.

పొగ సంగతి మరీ విచిత్రం. విశాఖ నగరం ఒక గిన్నెలాంటిది. ఒక వైపు కైలాసగిరి, ఇంకో వైపు యారాడ కొండ. చలికాలం ఉదయాల్లో పొగ పైకి పోలేక అందులోనే ఆగుతుంది. మన లోయల్లోనూ ఇదే జరుగుతుంది. రాత్రి చల్లగాలి వాలు వెంట దిగి అడుగున కూర్చుంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా ఉంటుంది, ఎక్కడో కాలిన కొండ పొగ తెల్లారేదాకా ఊరి మీదే ఉంటుంది. ముసలివాళ్లు, బాలింతలు, బడి పిల్లలు దగ్గుతారు. సన్న ధూళికి మన దేశంలో ఒక రోజుకి పెట్టిన హద్దు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. పోర్టు బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి, రిఫైనరీ, స్టీలు ప్లాంటు గొట్టాలు ఉన్న విశాఖ 2009లో కేంద్ర కాలుష్య మండలి లెక్కలో తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల్లో చేరింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలోనూ ఉంది. ఆ పొగ గురించి రాసేటప్పుడు తెలుగు చాలా మర్యాదగా ఉంటుంది. "పారిశ్రామిక కాలుష్యం" అంటారు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడి 12 మంది చనిపోతే దాన్ని "గ్యాస్ లీక్ ఘటన" అన్నారు. ఆ ప్లాంటు నడిపినవాళ్ల జాతి ఏమిటని ఎవరూ రాయలేదు. రాయకూడదు కూడా. ఆ మర్యాదే కొండకీ కావాలంటున్నాను.

ఇక తరగతి గది. "అడవులు – మంటలు" అని ఏడో తరగతికి వ్యాసం ఇచ్చి చూడండి. మన పిల్లలే, పోడు చోడి జావ తాగి వచ్చిన పిల్లలే, "గిరిజనులు అజ్ఞానంతో అడవిని తగలబెడతారు" అని రాస్తారు. అందులో "మేము" ఉండదు, "వారు" అని ఉంటుంది. గైడులోంచో, పాత సోషల్ పాఠంలోంచో, గోడ మీది నినాదంలోంచో వచ్చిన వాక్యం అది. తన తండ్రిని పరాయివాడిగా చూపించే వాక్యానికి పిల్లవాడికి పదికి ఎనిమిది మార్కులు వస్తాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో భయం వేసేది ఇక్కడే. మంట ఆరిపోతుంది, వానకి చిగురిస్తుంది. ఈ వాక్యం డైట్ దాకా, డిగ్రీ దాకా, ఉద్యోగం దాకా వాడితోనే వెళ్తుంది. రేపు వాడే వీఆర్వో, వాడే బీట్ ఆఫీసర్.

దీనికి నేను చేసేది చిన్న పని. పిల్లల్ని ఇంటికి పంపి అమ్మమ్మని, తాతని నాలుగు ప్రశ్నలు అడిగి రమ్మంటాను. ఏ నెలలో ఏ నిప్పు పెట్టేవారు? ముందు ఎవరికి చెప్పేవారు? మంట దాటిపోతే ఏం చేసేవారు? ఏ చెట్టుని కాలనిచ్చేవారు కాదు? జవాబులు ఒక్కో ఇంట్లో ఒక్కోలా వస్తాయి. తాత పొగరుగా చెప్పిన మాట అమ్మమ్మ కొట్టేస్తుంది. అవన్నీ బోర్డు మీద రాశాక, పేపరు వార్తని మళ్లీ చదివించి, అందులో లేని సంగతులు అడుగుతాను. కొండ పేరు, గాలి వైపు, చూసిన మనిషి, కాలింది గడ్డా చెట్టా. పదకొండేళ్ల పిల్ల కూడా పట్టుకుంటుంది.

ఇంకో కాగితం కూడా యువత చేతిలో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరుని కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కు మనకిచ్చింది. సెక్షన్ 5 అడవినీ జంతువుల్నీ నీటి వనరుల్నీ కాపాడే అధికారాన్ని గ్రామసభకి ఇచ్చింది. నిప్పుకి తేదీ, హద్దు, కాపలా పెట్టి గ్రామసభ తీర్మానం పుస్తకంలో రాసుకుంటే, మంట దాటినప్పుడు ఎవరిని అడగాలో కూడా ఊరికే తెలుస్తుంది. పట్టా కోసం అర్జీలు రాసినంత ఓపికగా మనవాళ్లు ఈ తీర్మానాలు రాయడం లేదన్నది నా ఫిర్యాదు.

మాతృభాషలో బోధనకి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా వాటిలో ఉన్నాయి. అలాంటి వాచకాల్లో నిప్పు మాటలకి రెండు పేజీలైనా కేటాయించాలి. ఎండాకు నిప్పుకి, మెట్ట నిప్పుకి, దాటిపోయిన నిప్పుకి మీ భాషలో వేరే వేరే మాటలుంటే, ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో కూడా రాసి పెట్టుకోండి. తెలుగు లిపిలోనే రాయండి. ఉచ్చారణ తేడా ఉంటే పక్కన గీత గీసి చెప్తే చాలు.