తీసుకెళ్లేవాళ్లెవరు?

మతిస్థిమితం లేని స్థితిలో నేరం చేశాడని కోర్టు నిర్దోషిగా తేల్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపడమేమిటని ఒక పాఠకుడు ఈ వారం కోపంగా ఉత్తరం రాశారు. "మళ్లీ చేస్తే బాధ్యత ఎవరిది డాక్టరుగారూ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే.

వార్డులో బుద్ధిగా ఉంటున్నాడన్న ఒక్క మాట నాకు చాలదని ఇక్కడ చాలాసార్లు రాశాను. అక్కడ వేళకు అన్నం వస్తుంది, నర్సు ఎదురుగా నిలబడి మాత్ర మింగిస్తుంది. బయట ఆ పని ఎవరు చేస్తారు? తాగుడు మళ్లీ మొదలవుతుందా? జబ్బు తిరగబెడితే మొట్టమొదట ఏమవుతుందో అతనే చెప్పగలడా? ఒకతను నాతో అన్నాడు: "ముందు నిద్ర పోతుంది సార్. తర్వాత మా వదిన కూరలో ఏదో కలిపిందనిపిస్తుంది. అలా అనిపించిన రోజే నేను మీ దగ్గరికి రావాలి." ఏ ప్రశ్నావళిలో వచ్చిన మార్కులకన్నా ఆ మాటమీదే నాకు నమ్మకం.

వండిపెట్టి కనిపెట్టుకుని ఉండే ఆ వదినలాంటి మనిషి ఇంట్లో ఉంటేనే పంపాలని నా పట్టు. చట్టం కూడా బంధువో స్నేహితుడో పూచీ పడితే అప్పగించవచ్చనే అంటుంది.

కానీ మచాంగ్ లాలుంగ్‌ను మరిచిపోలేను. అస్సాంలో 1951లో, ఇరవై మూడేళ్ల వయసులో అరెస్టయ్యాడు. తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. విచారణే జరగలేదు. 1967లో డాక్టర్లు బాగున్నాడని రాసిచ్చారు. ఇంటికి కాదు, గువాహటి జైలుకు మార్చారు. 2005లో రూపాయి పూచీకత్తుమీద విడుదలయ్యేసరికి డెబ్బై ఏడేళ్లు. డాక్టర్లు సరిగానే చెప్పారు. ఆ కాగితం పట్టుకుని అతని కోసం తిరిగే మనిషే లేడు.

అందుకే ఇంట్లో మనిషి ఉండాలన్న నా పట్టు ఇప్పుడు సడలుతోంది. అలా పట్టుబడితే ఎవరూ లేనివాడికి జబ్బు తగ్గినా తలుపు తెరుచుకోదు. కుటుంబం లేదనో, వాళ్లు రానివ్వడం లేదనో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. 18వ సెక్షన్, ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు పర్యవేక్షణలో ఉండే హాఫ్‌వే హోమ్‌లు ఏర్పాటు చేసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. కోర్టు ఉత్తర్వు, డాక్టరు తనిఖీ ఎలాగూ ఉండాల్సిందే. ఆ పైన మాత్ర చేతికిచ్చి, నిద్ర పట్టిందా అని అడిగే మనిషి బంధువే కానక్కర్లేదు, జీతం తీసుకునే ఉద్యోగి అయినా చాలు.

ఉత్తరం రాసిన పాఠకుడికి ఒక మనవి. మీ జిల్లాలో అలాంటి హోమ్ ఉందా అని కలెక్టరుగారిని అడుగుతూ ఇంకో ఉత్తరం రాయండి.