ముక్కలుగా వచ్చిన కారు

అంగడిలో సిద్ధముగా నిలిచియున్న కారును కొనక, ఛాసిస్ ఒకచోట, ఫైబర్ బాడీ ఒకచోట, ఇంజిను మరియొకచోట సంపాదించి, సెలవు దినములలో ఒక్కొక్క బోల్టును స్వహస్తముతో బిగించి వాహనమును నిర్మించుకొను వ్యసనమును గూర్చి ఈ శీర్షికలో లోగడ వ్రాసియుంటిని. అది చదివిన పాఠకులు కొందరు, ఇందులో వెల్డింగు కష్టమా, వైరింగు కష్టమా, బ్రేకుల సర్దుబాటు కష్టమా అని అడిగిరి. అవి యన్నియు సుకరములే. ఓపికయు, మంచి గురువును ఉన్నచో ఆరు నెలలకు గాకున్న ఆరేండ్లకైనను పట్టుబడును. కాని ఆ యంగములను ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుట యను కార్యము మన ఓపికపైగాని నేర్పుపైగాని ఆధారపడినది కాదు. అది పరాధీనము, ఆ పరులెవరో తెలియకుండుటయే దానియందలి అసలు బాధ.

కిట్ కారు అను ఈ పద్ధతి ఇంగ్లండున పుట్టినది. పన్ను దానికి మంత్రసాని. యుద్ధానంతర కాలమున అచ్చటి ప్రభుత్వము పూర్తిగా తయారైన కార్లపై కొనుగోలు పన్ను వసూలు చేయుచు, విడిభాగములుగా అమ్మినవానిని విడిచిపెట్టుటచేత, 1957లో కాలిన్ చాప్‌మన్ వెలువరించిన లోటస్ సెవెన్ వంటి చిన్న కార్లను జనులు పెట్టెలలో కొనిపోయి ఇంటి షెడ్డులలో కూర్చుకొనసాగిరి. 1973లో ఆ పన్ను తొలగి వ్యాట్ రాగా ఆ లాభము పోయినది. ఆ యేడే సెవెన్ నిర్మాణ హక్కులు లోటస్ నుండి కేటరమ్ కార్స్ వారికి సంక్రమించినవి. లాభము పోయినను వ్యసనము మాత్రము పోలేదు. మన దేశమున చింకారా మోటార్స్ వారు దాదాపు అదే ఆకృతిలో, అంబాసిడర్ కారులో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజినుతో, రోడ్‌స్టర్ అను వాహనమును తయారుచేసిరి. ఇక మన భాగ్యనగరమున, బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియమును చూచినవారికి, బూటు రూపమునను, క్రికెట్ బ్యాటు రూపమునను, వంకాయ రూపమునను సుధాకర్ గారు నిర్మించిన కార్లు తెలియును. అవి తమ యింజినులతో తామే నడచిపోగలవు. వానికి లారీవాని దయతో పని లేదు.

మా పటేల్‌గూడ ఈ వ్యసనమునకు మిక్కిలి అనుకూలమైన చోటు. బీరంగూడ కమాను వద్ద మలుపు తిరిగి కిష్టారెడ్డిపేట మీదుగా వచ్చువారి కంటికి ఇది విల్లాలును అపార్టుమెంట్లును మొలచుచున్న ఒక శివారు మాత్రమే. కాని దీనిచుట్టు పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామిక వాడలు పరచుకొనియున్నవి గదా! లేతుపై ఇరుసు తిరుగగొట్టువాడు, ఆర్గాన్ వెల్డింగు చేయువాడు, పౌడర్ కోటింగు వేయువాడు అందరును ట్రాలీ ఆటో దూరములో దొరకుదురు. రసాయన కర్మాగారములకు ఆమ్లములను ఓర్చు తొట్లును గొట్టములును కావలయును గనుక, ఫైబర్ పనిలో చేయి తిరిగిన మేస్త్రీలకును ఇచ్చట కొదువ లేదు. రామచంద్రాపురమున టర్నరుగా జీవితమంతయు గడపి విశ్రాంతి పుచ్చుకొన్న మిత్రుడొకడు నాకు ఈ విద్యలో గురువు. అతని రేకుల షెడ్డే మా కర్మాగారము. ఇట్టి కారును మోటారు వాహన శాఖవారు రోడ్డుపైకి సులభముగా రానీయరని ఎరిగియే, షెడ్డు వెనుక ఖాళీ స్థలమున తిప్పుకొనుటకే మేము దీనిని తలపెట్టితిమి. ఛాసిస్‌ను మేమే నిర్మించుకొంటిమి. బాడీ మాత్రము, అనగా ముందరి ముక్కు, నాలుగు మడ్‌గార్డులు, ప్రక్క పలకలు, పుణె ప్రాంతమునుండి రావలసియుండెను.

పుణెనుండి మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారి షోలాపురము, హుమ్నాబాదు, జహీరాబాదు, సంగారెడ్డి దాటి మా పటాన్‌చెరు నడుమనుండియే పోవును. ఇంతకంటె ఋజువైన మార్గము ఏ సరుకునకును దొరకదని సంతోషించితిమి. బుకింగు నాడే ఆ సంతోషము సగమైనది. పెట్టెలో ఏమున్నదని రవాణా కంపెనీవారు అడుగగా కారు బాడీ అని పంపువారు చెప్పిరి. కారైనచో ఆర్.సి. కావలెననిరి, కారు కాదు, ఫైబర్ పలకలనగా, అట్లయినచో ప్లాస్టిక్ సామాను అని వ్రాసికొనిరి. వారి జాబితాలో వాహనమునకు ఒక పేరు కలదు, సామానునకు ఒక పేరు కలదు. వాహనము కాబోవు సామానునకు పేరు లేదు. పేరు లేనిదానికి జాగ్రత్తయు ఉండదని తరువాత తెలిసినది.

తూకపు మాట మరియు విచిత్రము. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, 5,000 చేత భాగించి, వచ్చిన సంఖ్యను కిలోలుగా లెక్కించుట ఈ కంపెనీలలో బహుళముగా వాడుకలోనున్న పద్ధతి. 120, 90, 60 సెంటీమీటర్ల పెట్టె యైనచో ఆ లెక్కకు దాదాపు 130 కిలోలు తూగును. అందులోనున్న ఫైబర్ ముక్కును ఒక పిల్లవాడు ఎత్తుకొని నడువగలడు. లారీలో చోటును ఆక్రమించినదానికి చోటు లెక్కనే ఛార్జీ పుచ్చుకొందురు, న్యాయమే, కాదనను. కాని ఛార్జీ వేళ 130 కిలోలైన పెట్టె, హమాలీ చేతిలో పడువేళ పదిహేను కిలోలదై, విసరుటకు అనువుగా నుండును. బరువునకు డబ్బు తీసికొని తేలికకు తగిన మర్యాద చేయుట ఏ శాస్త్రమో నాకు అంతుపట్టలేదు.

మా పెట్టెలను మోసిన లారీ పటాన్‌చెరు మీదుగానే పోయియుండవలెను. ఆగలేదు. ఆగుటకు దానికి అనుమతి లేదు. అది నగరమును చుట్టి మేడ్చల్ వైపునున్న గోడౌనునకు పోయి, అచ్చట సరుకునంతయు దింపి, స్కానింగు చేసి, వాడలవారీగా విడదీసి, మరియొక బండిపై మా వైపునకు త్రిప్పి పంపవలెను. చక్రమునకు నడిమి కుండ యొకటి యుండి ఆకులన్నియు దానినుండియే పోవునట్లు సరుకును నడుపు ఈ ఏర్పాటును లోకప్రసిద్ధము చేసినవారు ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ వారు. 1973 ఏప్రిలులో అమెరికాలోని మెంఫిస్ నగరమున ఒక్క రాత్రిలో నూట ఎనుబదికి పైగా పొట్లములతో వారు ఆ పని మొదలిడిరి. కిట్ కారునకు పన్ను లాభము పోయిన యేడును అదియే యగుట కాకతాళీయమేగాని, నావంటివానికి అందులో ఒక విధివిలాసము తోచును. లక్షల చిన్న పొట్లములకు ఆ యేర్పాటు మేలైనదే. ఎగుడుదిగుడుగా, తేలికగా, పెళుసుగా నుండు ఒకే యొక పెద్ద వస్తువునకు మాత్రము అది శాపము. ఎన్నిసార్లు దింపి ఎక్కించిన అన్ని గండములు.

కొన్నాళ్లకు నా ఫోనునకు సందేశము వచ్చినది, సరుకు అందజేయబడినదని. మా షెడ్డులో ఈగ వాలలేదు. కస్టమర్ కేర్ వారికి ఫోను చేయగా, మధురమైన కంఠముతో ఒక అమ్మాయి, "సార్, సిస్టమ్‌ల డెలివర్డ్ అని వచ్చేసింది. కంప్లైంట్ రైజ్ చేస్తా, డెబ్బై రెండు గంటలు ఆగండి సార్" అనెను. ఓ.టి.పి. నేను చెప్పలేదు గదా, ఎట్లు డెలివరీ అయినదని అడుగగా, ఆ వివరము తనకు కనబడదనెను. ఆ పిల్లది అబద్ధమాడినదని నేననను; ఆమె ఎదుటనున్న తెరపై కనబడినంత మేరకే ఆమెకు లోకము. ఆ తరువాత ఫోను చేసిన ప్రతి పర్యాయము క్రొత్త కంఠము, క్రొత్త ఫిర్యాదు సంఖ్య, అవే డెబ్బది రెండు గంటలు.

చివరకు మిత్రుడు విసిగి, ఇస్నాపురము వైపున ఆ కంపెనీ తరఫున చివరి అంచె సరుకు పంచు షెడ్డు కలదని ఎవరో చెప్పగా, నన్ను వెంటబెట్టుకొని అచ్చటికి పోయెను. మా పెట్టెలు అచ్చటనే, ఒక మూల, బోర్లించియున్నవి. "పైవైపు" అని బాణపు గుర్తు వేసిన భాగము నేలకు ఆనియుండెను. బండి కుర్రవానిని అడిగితిమి. "గా పెద్ద పెట్టె నా బండ్ల పట్టది సార్. సాయంత్రం లోపట క్లోజ్ చెయ్యకుంటే నా పైసలు కట్ చేస్తరు. అందుకే క్లోజ్ చేసిన" అని దాపరికము లేక చెప్పెను. ఆ కుర్రవాడు కంపెనీ ఉద్యోగి కాడు, ఆ షెడ్డు యజమాని కంపెనీవాడు కాడు, లారీ మరియొకరిది, మేడ్చల్ గోడౌనులోని హమాలీలు ఇంకొక కాంట్రాక్టరు క్రిందివారు. పెట్టెపై ముద్రింపబడిన పేరు గల కంపెనీ ఎచ్చట నున్నదో, అందులో ఎవరున్నారో మాకు కనబడనేలేదు.

అచ్చటనే పెట్టె విప్పించితిమి. మడ్‌గార్డులు క్షేమము. ముక్కు పగిలియుండెను. ఫైబర్ పగులు ఊరక పగులదు. అది తన కథను తానే చెప్పును. లోపలినుండి దెబ్బ తగిలినచో పైనున్న జెల్‌కోటుపై నక్షత్రమువలె గీతలు పర్వును. బండి కుదుపులకైనచో బోల్టు రంధ్రములయొద్ద చీలును. బరువు మోపిన ఆ బరువుయొక్క ఆకృతి అచ్చుపడును. మిత్రుడు దానిని వెలుతురునకు పట్టి, వ్రేలితో తడవి, "గిది గుంతల పడి పలిగింది కాదన్నా. దీనిమీద డ్రమ్ము పెట్టిన్రు. సూడు, గుండ్రంగ అచ్చు పడ్డది" అనెను. చూడగా నిజమే. ఏ కర్మాగారమునకో పోవు నూనె డ్రమ్మునకు మా ముక్కు పీటయైనది. గుంటల రోడ్లను నిందించి తప్పించుకొను మార్గము కంపెనీకి ఆ గుండ్రని అచ్చుతో మూసికొనిపోయినది.

పూర్వపు లారీ ఆఫీసులను నేను స్వర్గములని పొగడబోను. బిల్టీ యను రసీదు పోయినచో సరుకు ఇయ్యరు. ఒక దినము జాగైన డ్యామరేజి. హమాలీలతో బేరము వేరు. గుమాస్తా మధ్యాహ్నము నిద్రించినంతసేపు లోకము స్తంభించును. అయినను ఆ గుమాస్తా ఒక మనుష్యుడు. మన సరుకు ఏ లారీలో ఎక్కినదో, డ్రైవరెవరో అతనికి తెలియును. పగిలిన పెట్టెను తెచ్చి అతని బల్లపై పెట్టిన తల దించుకొనుటయో, తగవులాడుటయో చేయును. కారును ముక్కలు చేసి పంపవచ్చును, ఒక్కొక్క ముక్కయు మరల ఒకచోట కలియుననెడి నమ్మకము మీద. బాధ్యతను ముక్కలు చేసి నలుగురికి పంచినపుడు దానిని తిరిగి కూర్చువాడెవడు? షెడ్డులో మేము బిగించిన ఏ బోల్టు ఊడినను, నేను మిత్రునివైపు, అతడు నావైపు చూతుము, మూడవవాడు లేడు. ఈ వ్యసనములోని కష్టమునందును సుఖమునందును సగము అదియే.

కంపెనీవారి మొదటి సమాధానము, రసీదుపై "ఓనర్స్ రిస్క్" అని యున్నది గనుక తమకేమియు సంబంధము లేదని. ఇంచుమించు ప్రతి రసీదుపైనను ఆ ముద్ర యుండును. దానిని చూచి అనేకులు నోరు మూసికొందురు. కాని చట్టము అంత తేలికగా వదలదు. 1865 నాటి క్యారియర్స్ చట్టము కాలముననే, సాధారణ వాహకునిపై దావా వేయువాడు అతని నిర్లక్ష్యమును నిరూపింపనక్కరలేదను నియమముండెను. "ఓనర్స్ రిస్క్" అని వ్రాసికొన్నంత మాత్రమున నిర్లక్ష్యమునుండి వాహకుడు తప్పించుకొనలేడని 2000లో నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్, బెస్ట్ రోడ్‌వేస్ కంపెనీల వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. ఆ పాత చట్టము స్థానమున 2007లో చేయబడిన రోడ్డు రవాణా వాహకుల చట్టము 2011 మార్చి 1నుండి అమలులోనికి వచ్చినది. సరుకు విలువను ముందుగా తెలిపి అధిక ఛార్జీ చెల్లింపనిచో, నష్టపరిహారము రవాణా ఛార్జీకి పది రెట్లకు మించదని దాని నియమములు చెప్పుచున్నవి. చదువగనే నిరాశ కలిగినది. కాని మిత్రుడు కాగితముపై లెక్క వేసి బిగ్గరగా నవ్వెను. పదిహేను కిలోల వస్తువునకు 130 కిలోల ఛార్జీ వేసిన వారి ఘనపరిమాణపు సూత్రము, పరిహారపు వేళ మా పక్షమున నిలిచినది. ఆ ఛార్జీని పదిచేత గుణించినచో ముక్కు ఖరీదు వచ్చి కొంత మిగులును. ఖరీదును మించి అడుగరాదు గనుక ఆ మిగులు మాకు రాదు, అది వేరు సంగతి.

బుకింగు నాటినుండి 180 దినములలోపల వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యనిచో దావా చెల్లదు, ఇచ్చితిమి. వారి రెండవ సమాధానము, వివాదములన్నియు తమ ప్రధాన కార్యాలయమున్న నగరపు కోర్టులలోనే తీరవలెనని. అదియును రసీదు వెనుక, భూతద్దమునకు మాత్రమే కనబడు అక్షరములతో ముద్రింపబడియున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మాత్రము ఫిర్యాదుదారుడు తాను నివసించుచోటనే ఫిర్యాదు దాఖలు చేసికొనవచ్చునని చెప్పుచున్నది గనుక, మేము సంగారెడ్డిలోని జిల్లా కమిషనునకు కాగితములు సిద్ధపరచుచున్నాము.

ఈ నడుమ ఒక చిక్కు వచ్చినది. ముక్కును అతికించి వాడుకొన్నచో సాక్ష్యము చెడును. అట్లే యుంచినచో కారు ముక్కు లేకుండ నిలుచును. పాశమైలారము ఫైబర్ మేస్త్రీ దీనికి ఉపాయము చెప్పెను. పగులును చెరుపక, లోపలివైపున తాత్కాలికముగా పట్టీలతో బిగించి, గుంటపడిన చోటును మైనపు పుట్టీతో నింపి నునుపు చేసి, పైన రిలీజ్ వ్యాక్స్ పూసి, దానిమీదనే మోల్డు తీసెను. ఆ మోల్డులో ముందుగా జెల్‌కోటు, అది చేతికి అంటియు అంటనట్లుండగా రెసిన్‌లో తడిపిన గ్లాస్ మ్యాట్ పొరలు, నడుమ గాలి బుడగలు నిలువకుండ రోలరు. ఎండాకాలము గనుక హార్డెనరు పాలు తగ్గించవలెనని అతడు మరిమరి హెచ్చరించెను, లేనిచో రెసిన్ డబ్బాలోనే గడ్డకట్టి పొగలు క్రక్కును. క్రొత్త ముక్కు పాతదానికంటె కొంత బరువుగా వచ్చినది. మిత్రునకు అది నచ్చలేదు, నాకు నచ్చినది. మోల్డు మా యొద్దనే యున్నది గనుక ఇక పుణెకు వ్రాయనక్కరలేదు. పుట్టీ ఊడదీయగా గుండ్రని అచ్చు ఎప్పటివలెనే బయటపడిన పాత ముక్కును, బిల్టీ నకలుతో కూడ, కమిషనువారు అడిగిన దినమున చూపవలసియున్నది. దానిని సంగారెడ్డికి చేర్చు పనిని ఏ కంపెనీకిని అప్పగింపబోము. మిత్రుని బావమరిదికి ట్రాలీ ఆటో యున్నది, పెట్టెపై నేను కూర్చుండి పోయెదను.